ఏడాదికే కదా అని ఏదో ఒక కారు కొనేయకండి

ప్రశ్న: మాది విజయనగరం కంటోన్మెంట్. బ్యాంకు ఉద్యోగిని. ఏడాది డిప్యుటేషన్ మీద నన్ను చీపురుపల్లి దాటాక 8 కిలోమీటర్లు లోపలికి ఉన్న పల్లె బ్రాంచికి వేశారు. రానూపోనూ 80 కిలోమీటర్లు. పొద్దున్న తొమ్మిదిన్నరకి అక్కడుండాలి, సాయంత్రం ఏడు దాటితే గానీ బయటపడను. స్కూటీ నడపడానికి నడుం సహకరించదు. కారు లైసెన్సు ఉంది గానీ నాలుగేళ్ళుగా స్టీరింగ్ పట్టలేదు. రూ.2 లక్షలకి మించి పెట్టలేను. మా మరిది డీజిల్ స్విఫ్ట్ అయితే మైలేజీ వస్తుందంటున్నాడు. మా బాబాయి పర్లాకిమిడిలో ఒడిశా నంబరు ఆల్టో రూ.1.10 లక్షలకే ఉందంటున్నారు. ఎదురింటి రిటైర్డు మాస్టారు తన 2014 వ్యాగనార్ రూ.1.80 లక్షలకి ఇస్తానన్నారు. 48 వేల కిలోమీటర్లే తిరిగింది గానీ రంగు వెలిసిపోయింది, అక్కడక్కడ సొట్టలున్నాయి. ఏడాదికే కదా, అన్నిట్లోకీ చవకైనది తీసుకుంటే పోదా? – ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం:

అసలు కారు లేకుండా గడుస్తుందేమో ముందు చూద్దాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు టికెట్ ఖర్చు లేదు. నెల్లిమర్ల, గరివిడి మీదుగా చీపురుపల్లి దాకా రైలూ ఉంది. అక్కణ్ణించి బ్రాంచి దాకా నెలవారీగా ఒక ఆటో మాట్లాడుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. పొద్దున్న పూటకి ఇది బాగానే నడుస్తుంది. చిక్కంతా రాత్రిదే. ఏడు దాటాక లోపలి పల్లెలో ఆటో కోసం నిలబడటం, ఆ తర్వాత చీపురుపల్లిలో బస్సు కోసం నిలబడటం, అదీ ఏడాది పొడుగునా. అది మీవల్ల కాదంటే కారు కొనడంలో తప్పు లేదు. కానీ ఆటో అతని నంబరు మాత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఏ పాత కారైనా నెలకో రోజు మెకానిక్ షెడ్డులో ఉంటుంది. ఆ రోజు మీకు ఈ దారే దిక్కు.

ఇక "ఏడాదికే కదా" అన్నారు. ఏడాదే, కానీ తిరుగుడు చూడండి. రోజుకి 80 కిలోమీటర్లు, నెలకి 24 పనిరోజులు. నెలకి 1,920, ఏడాదికి 23 వేల పైచిలుకు కిలోమీటర్లు. మాస్టారు 2014 నుంచి ఇప్పటిదాకా నడిపినదంతా కలిపితే 48 వేలు. అందులో దాదాపు సగం మీరు ఒక్క ఏడాదిలో తిప్పబోతున్నారు. పదిరోజులకోసారి గుడికి తీసే కారైతే ఎలా ఉన్నా చెల్లుతుంది. మీది అలా కాదు, నైట్‌లో మధ్యదారిలో ఆగకూడని కారు. కాబట్టి మీ ప్రశ్నలోని చివరి వాక్యాన్ని నేను ఒప్పుకోను. గడువు తక్కువ గనుక చవకది చాలు అనుకోవడం అనర్థానికి దారి.

గడువు తక్కువ కావడం వల్ల మారేది వేరొకటుంది. పదేళ్ళు ఉంచుకునేవాళ్ళకి అమ్మకం ధర పెద్ద లెక్క కాదు. మీకు అదే అసలు లెక్క. రూ.1.60 లక్షలకి కొని, రూ.30 వేలు పెట్టి బాగు చేయించి, ఏడాది తర్వాత రూ.1.30 లక్షలకి అమ్మితే మీకు కారు రూ.60 వేలకి పడినట్టు. రూ.1.10 లక్షలకి కొని, కాగితాలకీ రిపేర్లకీ రూ.60 వేలు తగలేసి, చివరికి ఎవరూ కొనక రూ.70 వేలకి వదిలించుకుంటే పడింది రూ.లక్ష. అందుకే చూసే ప్రతి కారునీ ఒక్క ప్రశ్న అడగండి: పన్నెండో నెలలో దీన్ని ఎవరు కొంటారు? ఆ ప్రశ్నకి వెంటనే నలుగురు గుర్తొచ్చే కారు కొనండి.

ఆ లెక్కన పర్లాకిమిడి ఆల్టోని ముందు పక్కన పెట్టేద్దాం. కారు మంచిదే అయ్యుండొచ్చు, బాబాయిగారి మాట మీద నాకు అనుమానం లేదు. చిక్కు నంబరు ప్లేటుతో. గజపతి జిల్లా బండి అంటే ఓడీ 20. దాన్ని మీ పేరుకి మార్చాలంటే అమ్మేవాళ్ళు అక్కడి ఆర్టీవో దగ్గర ఫారం 28 మీద ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తేవాలి. దాని మీద చలాన్లు గానీ, ఫైనాన్స్ బాకీ గానీ ఉంటే అది రాదు. వచ్చాక ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. "చట్టంలో పన్నెండు నెలల టైముంది, ఈలోగా మీరు అమ్మేస్తారు కదా" అని బ్రోకర్లు తెలివిగా చెబుతారు. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ పన్నెండు నెలలకి మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెప్పే మాట నిజమే. కానీ ఆ గడువు నంబరు మార్పిడికి. యాజమాన్యం మార్పుకి కొన్నవాళ్ళు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి, అది 50వ సెక్షన్. ట్యాక్సు సంగతి మళ్ళీ వేరు. రోడ్డు మీద ఆపినప్పుడు పన్నెండు నెలల వాదన మిమ్మల్ని కాపాడుతుందని నేను హామీ ఇవ్వలేను. ఇవన్నీ దాటుకుని నడిపినా, అమ్మేటప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఒడిశా బండా?" అని మొహం చిట్లిస్తారు. ఇచ్ఛాపురంలోనో పలాసలోనో ఉండి, ఒడిశాలో చుట్టాలున్నవాళ్ళకి అది పెద్ద విషయం కాదు. విజయనగరంలో కొనేవాడికి అది బేరం తగ్గించే సాకు.

ఇక్కడే ఇంకో మాట. వేరే చోట్ల వెతుకుతుంటే "ఏపీ" అన్న అక్షరాలు చూసి మన బండే అనుకోకండి. ఏపీ 09, 10, 11, 12, 13, 28, 29 అన్నీ 2014 విభజనకి ముందు హైదరాబాద్, రంగారెడ్డి నంబర్లు. వాటి రికార్డులు ఇప్పుడు తెలంగాణలో ఉంటాయి, ఎన్‌వోసీ అక్కణ్ణించే రావాలి. మనవి ఏపీ 30 శ్రీకాకుళం, 31 విశాఖ, 35 విజయనగరం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఇచ్చారు గనుక ఆ తర్వాతి బండి ఏ జిల్లాదో నంబరు చూసి చెప్పలేం. ఆర్సీలోనే చూసుకోవాలి. ఢిల్లీ నంబరు కార్లు కూడా మరీ చవగ్గా కనిపిస్తాయి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాక అవన్నీ మిగతా రాష్ట్రాల మీద పడ్డాయి. వాటి జోలికి పోకండి.

ఇప్పుడు మీ మరిదిగారి డీజిల్. నడిపేది ఎక్కువ కాబట్టి డీజిల్ అన్న ఆయన ఆలోచనలో న్యాయం ఉంది. లెక్క వేసి చూద్దాం. పెట్రోల్ కారు లీటరుకి 18 ఇస్తుందనుకుంటే నెలకి 107 లీటర్లు, లీటరు రూ.110 చొప్పున రూ.11,770. డీజిల్ కారు 20 ఇస్తే 96 లీటర్లు, లీటరు రూ.98 చొప్పున సుమారు రూ.9,400. నెలకి మిగిలేది రూ.2,300 పైన, ఏడాదికి రూ.28 వేలు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ రూ.2 లక్షల లోపు దొరికే డీజిల్ స్విఫ్ట్ లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటేసి ఉంటుంది. మీటరు ఏం చూపించినా సరే. టర్బో గానీ, ఇంజెక్టర్లు గానీ, క్లచ్ సెట్టు గానీ ఏదో ఒకటి పట్టుకుందంటే ఆ 28 వేలూ ఒక్క బిల్లులో పోతాయి. పైగా 1,248 సీసీ కాబట్టి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రూ.3,416. అదే వెయ్యి సీసీ లోపు కార్లకి రూ.2,094. 2022 జూన్‌లో పెట్టిన ఈ రేట్ల మీద జీఎస్టీ అదనం. రోజుకి 150 కిలోమీటర్లు, ఐదేళ్ళ పాటు అయితే నేను మీ మరిదిగారి పక్షమే. మీ అవసరానికి మాత్రం పెట్రోల్.

పెట్రోల్‌లో ఏవి? మీ డబ్బుకి దొరికేవి చాలావరకు 2010 నుంచి 2014 మధ్య బండ్లు. అందులో 2010 తర్వాతి వ్యాగనార్, ఆల్టో కే10 నాకు మొదటి వరస. 998 సీసీ ఇంజన్, టైమింగ్ బెల్టు (ఇంజన్ లోపలి భాగాల్ని ఒక లయలో తిప్పే రబ్బరు పట్టీ, గడువుకి మార్చాల్సిందే) బదులు చైను. చీపురుపల్లిలో గానీ రాజాంలో గానీ ఏ షెడ్డుకి తీసుకెళ్ళినా సామాను దొరుకుతుంది, చెయ్యి తిరిగిన మనిషీ దొరుకుతాడు. హ్యుందాయ్ ఐ10 కూడా మంచి కారే, 1.2 ఇంజన్ది దొరికితే మరీ మంచిది. ఆల్టో 800కీ, పాత శాంత్రోకీ, ఐ10 1.1కీ టైమింగ్ బెల్టు ఉంటుంది. అది ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని ఆ ఖర్చు ధరలోంచి కొట్టేయండి. షెవర్లే 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, డాట్సన్ 2022లో మూతపడింది. ఆ కార్లు చవగ్గా వస్తాయి, నడపడానికి కొన్ని ముచ్చటగానూ ఉంటాయి. ఫోర్డ్ ఫిగో అభిమానులు నా మీద కోప్పడతారని తెలుసు. కానీ విశాఖ నుంచి స్పేర్ పార్టు వచ్చేదాకా బండి మూడు రోజులు షెడ్డులో పడి ఉంటే మీ మేనేజరుకి ఏం చెబుతారు?

అంటే మిగిలింది ఎదురింటి వ్యాగనార్. మీరు అనుమానించిన వెలిసిన రంగు, సొట్టలే నాకు దానిలో నచ్చినవి. పన్నెండేళ్ళ కారు నిగనిగలాడుతుంటేనే భయపడాలి. పెళ్ళిచూపుల పౌడరులా ఆ కొత్త పెయింటు కింద ఏం దాచారో తెలీదు. సొట్ట సొట్టలాగే ఉందంటే టింకరింగ్ జరగలేదని అర్థం. ఈ రంగు మీరు మళ్ళీ వేయించకండి. ఆ డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు.

అయితే తక్కువ తిరిగిన కారుకి దాని జబ్బులు దానికుంటాయి. మన జనం "48 వేలే తిరిగింది" అనగానే మురిసిపోతారు. ఏడాదికి నాలుగు వేలు, అదీ రైతుబజారు దాకా, గుడి దాకా. ఇంజను సరిగ్గా వేడెక్కకముందే ఆపేయడం. ఇలా నడిచిన బండిలో ఇంజను కంటే రబ్బరు ముందు పాడవుతుంది. కూలెంట్ పైపులు గట్టిపడి ఉంటాయి, బెల్టులు చిట్లి ఉంటాయి, సస్పెన్షన్ బుష్‌లు ఎండిపోయి ఉంటాయి. నెలకి మూడొందల కిలోమీటర్లలో ఇవేవీ బయటపడవు, నెలకి రెండువేలు తిప్పగానే ఒకదాని వెనక ఒకటి పలకడం మొదలెడతాయి. ఎలుకలు బానెట్ లోపల వైర్లు కొరికి ఉంటాయేమో చూడండి. టైర్ల మీద గీతలు లోతుగా కనిపించినా నమ్మకండి, పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు వెతకండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని. ఆరేడేళ్ళు దాటిన టైరు ఎంత బాగా కనిపించినా మీ ప్రయాణానికి పనికిరాదు, నాలుగూ మార్చాల్సిందే. స్టెప్నీ కూడా చూడండి, చాలామంది దాన్ని కొన్నరోజు నుంచీ కిందకి దించి ఉండరు.

కారు చూడ్డానికి మాస్టారు ఇంజను వేడిగా ఉంచిన పూట కాకుండా పొద్దున్నే వెళ్ళండి. ఎదురిల్లే గనుక ఇది మీకు తేలిక. చల్లగా ఉన్న ఇంజను మొదటి తిప్పుకే అందుకోవాలి. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని, ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందని. ఆయిల్ మూత విప్పి చూస్తే కింద మజ్జిగలాంటి తెల్ల జిగురు ఉండకూడదు. ఏసీ వేసి అరగంట ట్రాఫిక్‌లో నడిపి టెంపరేచర్ ముల్లు చూడండి. నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే, ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. తర్వాత సర్వీస్ స్టేషన్‌లో లిఫ్ట్ మీద ఎక్కించి అడుగు చూడండి. భీమిలి, విశాఖ బీచ్ రోడ్డు పక్కన ఏళ్ళ తరబడి నిలబడ్డ కార్లకి ఉప్పుగాలి తగిలి అడుగు రేకు పొరలు పొరలుగా లేస్తుంది. విజయనగరం కారుకి అంత బాధ ఉండదు. తలుపుల కింది అంచులు, డిక్కీలో స్టెప్నీ కింద రేకు చాలు.

మెకానిక్‌ని మీరే తీసుకెళ్ళండి. కారు కొన్నా కొనకపోయినా అతనికి ఐదొందలో వెయ్యో ముందే చేతిలో పెట్టండి. కొంటేనే తన చేతికి పని వస్తుందన్న ఆశ లేకుండా ఉన్న మనిషి మాట మీకు కావాలి. ఇరుగుపొరుగు వ్యవహారం కదా, చాటుగా చూపించకుండా "మాస్టారూ, మా మెకానిక్ ఒకసారి చూస్తారు, మీరూ ఉండండి" అని అడిగేయండి. పిల్లలకి లెక్కలు దిద్దిన మనిషి ఎవరైనా దానికి నొచ్చుకోరు. నొచ్చుకుంటే అదీ మీకు తెలియాల్సిన సంగతే. రేపు ఏదైనా చెడితే ఎదురింటి గుమ్మం వైపు చూసి నిట్టూర్చే పరిస్థితి రాకూడదంటే అన్నీ ఇప్పుడే, ఎదురుగానే తేలాలి.

ధర గురించి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త ఆల్టో, ఎస్‌ప్రెసో కిందిరకాలు షోరూం ధర రూ.4 లక్షల లోపు మొదలవుతున్నాయి. కొత్తది అంతకి వస్తుంటే పన్నెండేళ్ళ పాతదానికి రూ.1.80 లక్షలు ఎక్కువే. టైర్లు, బ్యాటరీ, పైపులకి మెకానిక్ వేసిన అంచనా కాగితం మాస్టారి ముందు పెట్టి, రూ.1.55 నుంచి 1.60 లక్షల దగ్గర కుదుర్చుకోండి. పేరు మార్పిడికీ ఇన్సూరెన్స్‌కీ రూ.10 వేలు, మొదటి వారంలో చేయించే పనులకి రూ.25–30 వేలు విడిగా ఉంచాలి. రెండు లక్షలూ కారుకే పోసేశారా, మొదటి నెలలోనే చేయి చాచాల్సి వస్తుంది. పాత కార్ల లోను గురించి బ్యాంకులో పనిచేసే మీకు నేను చెప్పేదేముంది. మీ బ్యాంకు వేలం వేసే జప్తు కార్ల వైపు కూడా చూడకండి. ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి, ముందు నడిపి చూడనివ్వరు.

కాగితాల దగ్గర ఓపిక పట్టండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే యజమాని వరస, ఆర్సీ గడువు, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా కనిపిస్తాయి. చలాన్లు విడిగా చూడండి. సొంత కార్ల ఆర్సీకి పదిహేనేళ్ళు గడువు. 2014 బండికి 2029 దాకా ఉంటుంది గనుక, ఏడాది తర్వాత అమ్మినా కొన్నవాళ్ళకి ఇంకా కాలం మిగులుతుంది. 2011 బండి కొంటే 2026లోనే ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్, రెన్యువల్. ఆ రెన్యువల్ ఫీజుని 2022 ఏప్రిల్‌లో రూ.600 నుంచి రూ.5,000 చేశారు. ఆర్సీ మాస్టారి పేరునే ఉందా? మన దగ్గర కారు నాన్న డబ్బుతో, ఆర్సీ అమెరికాలో ఉన్న అబ్బాయి పేరున ఉండటం మామూలు. సంతకానికి ఆ అబ్బాయి రావాలి. యజమాని చనిపోయి ఉంటే ముందు ఫారం 31 మీద వారసుల పేరుకి మారాలి. ఎప్పుడో తీరిపోయిన లోను ఆర్సీలో అలాగే ఉండిపోతే బ్యాంకు ఎన్‌వోసీతో ఫారం 35 పెట్టి తీయించాలి. ఈ పనులు అమ్మేవాళ్ళు పూర్తి చేశాకే మిగతా డబ్బు. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద ఇద్దరూ కూర్చుని ఒకే రోజు దరఖాస్తు పెట్టేయండి. "తర్వాత చూద్దాం" అని ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని ఊరుకోవడం మనకి అలవాటు. వద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళు శనివారం ఇనుము కొనకూడదంటే సరే అనండి. ఆదివారం కూడా అదే కారు అక్కడే ఉంటుంది. చలాన్లు ఇంకోసారి చూసుకోవడానికి ఒక రోజు దొరికినట్టు.

మాస్టారితో కుదరక విశాఖ యార్డులకో, ఆన్‌లైన్‌కో వెళ్ళాల్సి వస్తే రెండు జాగ్రత్తలు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు నీళ్ళలో నానాయి. అలాంటివి కడిగి, తుడిచి ఊళ్ళు దాటించి అమ్మేస్తారు. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగండి, బురద మరక అక్కడ దొరుకుతుంది. సీట్ల కింద బోల్టుల తుప్పు, మ్యాట్ కింద సన్న మట్టి, తలుపులు మూసి ఉంచితే వచ్చే ముక్కవాసన అబద్ధం చెప్పవు. రెండోది, "నేవీ ఆఫీసర్ని, బదిలీ అయింది, అడ్వాన్సు పంపితే కారు కంటోన్మెంట్‌లో ఉంచుతా" అనే ఫోన్లు. విశాఖలో నేవీవాళ్ళు నిజంగానే బదిలీల మీద మంచి కార్లు అమ్ముతారు, మోసగాళ్ళకి కలిసొచ్చేది కూడా ఆ నిజమే. కారు ముట్టుకోకుండా రూపాయి పంపకండి.

ఇన్సూరెన్స్ గురించి ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకుంటే అది ఎదుటివాళ్ళకి. కార్లో మీ పక్కన కూర్చున్న కొలీగ్‌కి ఏదైనా జరిగితే అది వర్తించదు. మీ బ్రాంచివాళ్ళు పెట్రోల్ పంచుకుంటూ మీతో రావచ్చు గనుక కాంప్రిహెన్సివ్ (మీ కారుకి జరిగే నష్టాన్ని కూడా కలుపుకునే పాలసీ) తీసుకుని, కూర్చునేవాళ్ళ కవరు కూడా చేర్పించండి. నడిపే యజమానికి రూ.15 లక్షల ప్రమాద బీమా అందులో ఉందో లేదో చూడండి. మాస్టారి పాత పాలసీకి ఇంకా గడువున్నా, 14 రోజుల్లో మీ పేరుకి మార్పించాలి. మార్చకపోతే మీ కారుకి జరిగిన నష్టానికి క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనదే, అది మీకు రాదు.

డ్యూటీలో చేరడానికి రెండు వారాల ముందే కారు చేతిలో ఉండాలి. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ముందు బ్రేక్ ప్యాడ్‌లు ఇవన్నీ మొదటి వారంలో మార్పించి, రెండో వారం మీరు చేయి తిప్పుకోండి. నాలుగేళ్ళ తర్వాత నడుపుతున్నారు. డ్రైవింగ్ స్కూలు వాళ్ళని పది రోజులు పక్కన కూర్చోబెట్టుకోవడానికి మొహమాటపడకండి. అందులో మూడు రోజులు రాత్రి పూట, మీ దారిలోనే. గరివిడి ఫ్యాక్టరీ వైపు లారీలుంటాయి, లోపలి రోడ్డు మీద సంక్రాంతి దాటాక ఉలవ కట్టె, చొప్ప పరుస్తారు. దాని మీంచి నిదానంగా పోయినా సరే, ఎండిన చొప్ప సైలెన్సర్‌కి చుట్టుకుని నిప్పంటుకునే ప్రమాదం ఉంది. దాటాక ఒకసారి దిగి కింద చూసుకోండి. హెడ్‌లైట్ల ప్లాస్టిక్ పచ్చబడి ఉంటే పాలిష్ చేయించండి. పాత కారులో రాత్రి చూపుకి ఇంత తక్కువ ఖర్చుతో వచ్చే మేలు ఇంకోటి లేదు.

చేయించిన ప్రతి పని బిల్లూ ఒక ఫైల్లో వేస్తూ రండి. ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్పించారన్న రుజువు, అమ్మేనాడు మీ మాట కంటే గట్టిది. పదకొండో నెల రాగానే అమ్మకానికి పెట్టండి, చివరి వారం దాకా ఆగితే గడువు మీదున్నారని తెలిసి కొనేవాళ్ళు ధర తొక్కేస్తారు. మీ బ్రాంచిలో మీ బదులు వచ్చేవాళ్ళకి కూడా అదే 80 కిలోమీటర్లు కదా, ముందు వాళ్ళనే అడగండి. ఎవరికి అమ్మినా ఫారం 29 మీద 14 రోజుల్లో మీ వైపు నుంచి ఆర్టీవోకి తెలియజేయండి. కారు అప్పగించిన తేదీతో పాటు టైము కూడా రాసి సంతకం తీసుకోండి, ఫాస్టాగ్ మూయించండి. ఆర్సీలో పేరు ఎవరిది ఉంటే ప్రమాదం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పేసింది. కొన్నవాళ్ళ పేరు యాప్‌లో కనిపించేదాకా ఆ ఫైలు పారేయకండి.